రాజీ ఏ బడిలో చదివింది?

ఎర్రకుంట మండల తహశీల్దార్ కార్యాలయం ఆవరణలో, సైకిళ్ళ షెడ్డు కింద, ఒక కాలు పొట్టిదైన బల్ల ముందు ముప్పై రెండేళ్ళుగా కూర్చుంటున్నాను. నా పేరు గాజుల వీరేశం. దస్తావేజు లేఖరిని. జనం చెప్పేది ఒకటి, ఆఫీసుకు కావలసింది ఇంకొకటి. మొదటిది రెండోదానిలా కనిపించేట్టు రాయడం నా వృత్తి. ఇన్నేళ్ళలో నేను రాసిన కాగితం ఒక్కటీ వెనక్కి రాలేదని నాకు కాస్త పొగరు కూడా ఉండేది. ఆ పొగరు కిందటి యాసంగి పంట కాలంలో దిగింది.

దిగడానికి కారణం ఒక ఉత్తర్వు. ప్రభుత్వ కాగితాల్లో పరాయి మాటలు పెరిగిపోయి మన భాష చిక్కిపోతోందని పైన ఎవరికో బెంగ పట్టుకుంది. మన ఇళ్ళలో బెంగ పట్టుకుంటే కషాయం తాగి పడుకుంటాం. పైవాళ్ళకు పట్టుకుంటే ఉత్తర్వు వస్తుంది. దాని ప్రకారం ఇకమీదట ప్రభుత్వ పత్రాల్లోని ప్రతి మాటా స్థానికమైనదై ఉండాలి. ఏ మాట మీదైనా అనుమానం వస్తే తహశీల్దార్ విచారణ జరిపి, అది ఇక్కడిదేనని తేలితే దానికి స్థానికత పత్రం ఇవ్వాలి. ఆ పత్రం జతచేయని కాగితం చెల్లదు. ఇదివరకే జారీ అయి అమల్లో ఉన్న కాగితాలకు కూడా ఇది వర్తిస్తుంది. చివర్లో చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది. మాటల కోసం ప్రత్యేక ఫారం ముద్రణలో ఉన్నందున, అది అందేవరకు మనుషుల స్థానికతకు వాడే ఫారాన్నే వాడవలెను.

ఈ ఉత్తర్వు అన్ని మండలాలకూ వచ్చింది. మిగతాచోట్ల అధికారులు దాన్ని చదివి, సంతకం పెట్టి, బీరువాలో దాచి తాళం వేశారు. మా తహశీల్దార్ పరాంకుశం గారు మాత్రం అమలు చేశారు. ఆయన చెడ్డవాడు కాడు. లంచం ముట్టడు, గొంతు పెంచడు, పదిన్నరకు రమ్మంటే పదింబావుకే వస్తాడు. ఇలాంటివాడి చేతిలో ఉత్తర్వు పడితే ఇక దానికి అడ్డూ ఆపూ ఉండదని నాకు అప్పటికి తెలియదు.

ఆ వారంలోనే కనకలచ్చవ్వా ఓదెలూ నా బల్ల దగ్గరికి వచ్చారు. లచ్చవ్వకు యాభై అయిదు దాటుంటాయి, భర్త పోయి మూడేళ్ళు. ఓదెలు ఆమెకు మరిది. ఇద్దరి పొలాలకూ కలిపి ఒకటే బావి, ఒకటే మోటారు. ఎవరు ముందు నీళ్ళు పెట్టుకోవాలన్న దగ్గర రెండు వారాల కిందట తగువు పడ్డారు. ఆమె ఫ్యూజు పీకింది, ఈయన వైరు తెంపాడు, ఇద్దరూ పోటీపడి ఫిర్యాదు చేశారు. చేసిన ఫిర్యాదులు రెండూ నేను రాసినవే. పరాంకుశం గారు రెండూ చదివి, మోటారు స్టార్టర్ డబ్బాకు గుడ్డ చుట్టించి, లక్క ముద్ర వేయించి జప్తు చేశారు. ఉభయులూ రాజీ పత్రం సమర్పించేవరకు ముద్ర తీయరాదని ఉత్తర్వు.

"సారూ, మేము మేము కలిసిపోయినం," అంది లచ్చవ్వ. "జెర కాయితం రాసియ్యి. డబ్బా ఇప్పిచ్చుకుంటం."

"ఎట్లా కలిశారు?"

"ఎట్లేంది సారూ," అన్నాడు ఓదెలు. "నారు పోసి పదహారు దినాలాయె. ఆమె నారు పచ్చగుంటె నాది ఎండుతదా? రెండూ ఎండబట్టె. పొద్దటి నీళ్ళు వదినెకు, పొద్దుమీకి నీళ్ళు నాకు అనుకున్నం. గింతే."

"ఎంతసేపు పట్టింది?"

"గీయన బీడీ ఒడిసేదాక," అంది లచ్చవ్వ.

బీడీ అంత సేపట్లో తేలిన వ్యవహారాన్ని నేను రెండు పేజీల్లో రాశాను. ఉభయులూ తమ తమ పూర్తి ఇష్టంతో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా, స్థిమితమైన మనసుతో రాజీ పడ్డారని రాశాను. అది వెనక్కి వచ్చింది. ముప్పై రెండేళ్ళలో మొదటిసారి. 'రాజీ' అన్న మాట కింద ఎర్ర సిరాతో గీత, పక్కన ప్రశ్నార్థకం.

నేను లోపలికి వెళ్ళాను. పరాంకుశం గారు లేచి నిలబడి మరీ కూర్చోమన్నారు.

"వీరేశం గారూ, మీ రచనాకౌశలం మీద నాకు అపారమైన గౌరవం ఉంది. కానీ సదరు పదం యొక్క స్థానికత సందేహాస్పదంగా ఉన్నది."

"సార్, మీ ఉత్తర్వులోనే రాజీ పత్రం తెమ్మని ఉంది కదా."

"ఉన్నది. అది రాసిన నాటికి నాకు సందేహం కలగలేదు. ఇప్పుడు కలిగింది. కలిగిన సందేహాన్ని దాచిపెట్టడం విధి నిర్వహణలో లోపం అవుతుంది."

"సరే సార్. ఒడంబడిక అని రాస్తాను. ఇక్కడి మాటే."

ఆయన కంప్యూటరు తెర నా వైపు తిప్పి చూపించారు. వివాదాల పేజీలో 'పరిష్కార విధానం' అన్నచోట నొక్కితే ఒకటే మాట జారి కింద పడుతోంది. రాజీ. ఇంకోటి రాయడానికి చోటే లేదు. ఆ మాట లేనిదే కంప్యూటరు ఒప్పుకోదు, ఆ మాట ఉంటే ఉత్తర్వు ఒప్పుకోదు.

"చింతించకండి," అన్నారాయన, ఒక ఫారం నా చేతిలో పెడుతూ. "పదం తరఫున మీరే దరఖాస్తు చేయండి. అర్హత ఉంటే నేనే సంతకం చేస్తాను. నియమం అందరికీ ఒకటే."

ఫారం పట్టుకుని బయటికి వచ్చాను. దరఖాస్తుదారు పేరు: రాజీ. అంతవరకూ బాగానే సాగింది. తర్వాతి గడి తండ్రి పేరు. ఆ తర్వాత పుట్టిన ఊరు, ప్రస్తుత చిరునామా, నాలుగు నుంచి పదో తరగతి వరకు చదివిన బడుల వివరాలు, ప్రవర్తన, రెండు పుట్టుమచ్చలు. కలం మూసేసి రికార్డు గదిలోకి వెళ్ళాను.

రికార్డు గది గుమాస్తా ఖాజా మొయినుద్దీన్ నాకంటే రెండేళ్ళు ముందు నుంచే ఆ దుమ్ములో ఉన్నాడు. ఏ పొలం ఎవరిదో చెప్పే పాత పహాణీలన్నీ ఆయనకు నోటికి వచ్చు. అందుకే ఆఫీసులో ఆయన్ను ఎవరూ ఏదీ అడగరు. అడిగితే పని అయిపోతుందని భయం కాబోలు.

"రాజీ ఎక్కడిది ఖాజా భాయ్?"

ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "పుట్టుడు అరబ్బీల పుట్టింది. పెరుగుడు ఫార్సీ ఇంట్ల పెరిగింది. ఫార్సీ దొరల కచ్చేరీలల్ల పనికి కుదిరి మన దిక్కు ఒచ్చింది. ఒచ్చి మూడు నాలుగు వందల ఏండ్లయిందనుకో. మళ్ళ పోలె."

"అర్థం?"

"అర్థమా? ఖుషీగ ఉన్నోడు. తృప్తి పడ్డోడు. ఇప్పుడు మనం ఏమనుకుంటున్నం, రాజీ అంటె తగ్గుడు, ఓడుడు, తల ఒంచుడు. గది కాదు వీరేశం. ఇద్దరూ ఖుషీ అయితెనే రాజీ. ఒక్కడు ఏడ్చుకుంట ఒప్పుకుంటె గది రాజీ కాదు, జబర్దస్తీ."

ఇన్ని వేల పత్రాలు రాశాను, ఆ మాట మనసు ఇంత మెత్తనిదని నాకు తెలియదు. కొంచెం సిగ్గేసింది. ఫారంలో తండ్రి పేరు దగ్గర అరబ్బీ అనీ, సంరక్షకుల పేరు దగ్గర ఫార్సీ అనీ రాశాను. చిరునామా దగ్గర ఆలోచించి, లచ్చవ్వ ఓదెలుల ఉమ్మడి బావి సర్వే నంబరు వేశాను. రాజీ ఉన్నది అక్కడే కదా. పుట్టుమచ్చల దగ్గర 'మొదటి అక్షరానికి దీర్ఘం, రెండో అక్షరానికి దీర్ఘం' అని రాశాను. ఫోటో కోసం తెల్ల కాగితం మీద పెద్దగా రాజీ అని రాసి స్టూడియోకు తీసుకెళితే, ప్రభుత్వ పనికైతే రెండు చెవులూ కనిపించాలని అతను పేచీ పెట్టాడు. ఎలాగో ఒప్పించాను.

పరాంకుశం గారు ఫారమంతా శ్రద్ధగా చదివారు. ముఖం వాడిపోయింది.

"జననం విదేశంలో. తండ్రి విదేశీయుడు. చాలా క్లిష్టమైన కేసు. కానీ నిబంధనల్లో దయ ఉంది వీరేశం గారూ. ఎక్కడ పుట్టినా సరే, వరుసగా నాలుగేళ్ళు స్థానిక బడిలో చదివి ఉంటే స్థానికులే. అధ్యయన పత్రం తీసుకురండి."

"మాట బడికి ఎట్లా పోతుంది సార్?"

"అది దరఖాస్తుదారు నిరూపించుకోవాలి."

ఎర్రకుంట ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుడు వేణుమాధవ్ సార్ నా మాటలు విని పెద్దగా నవ్వాడు. పదం చదువు విషయమై పరాంకుశం గారి నుంచి ఫోను వచ్చాక నవ్వడం మానేశాడు. ఇద్దరం కూర్చుని ఆరో తరగతి నుంచి తొమ్మిదో తరగతి దాకా పాఠ్యపుస్తకాలన్నీ తిరగేశాం. ఆరులో గ్రామ పంచాయతీ పాఠంలో దొరికింది. ఏడులో రాజుల యుద్ధాల మధ్య నలిగి ఉంది. ఎనిమిదిలో రెండుసార్లు. తొమ్మిదిలో ఎంత వెతికినా కనబడక మా ఇద్దరికీ చెమటలు పట్టాయి. చివరికి ఒక అభ్యాసంలో, ఖాళీలు పూరించమన్నచోట, బ్రాకెట్లో బిక్కుబిక్కుమంటూ ఉంది.

"నాలుగేళ్ళు. వరుసగా," అన్నాడు వేణుమాధవ్ సార్ ఊపిరి పీల్చుకుని. పత్రం రాశాడు. 'రాజీ, తండ్రి పేరు అరబ్బీ, మా పాఠశాలలో ఆరు నుంచి తొమ్మిది వరకు క్రమం తప్పక చదివినది. ఒక్కరోజు కూడా గైర్హాజరు కాలేదు. ప్రవర్తన: తృప్తికరం.'

ఆ పత్రాన్ని పరాంకుశం గారు ఒకసారి తిప్పి పంపారు, 'గైర్హాజరు' మీద సందేహంతో. బడి మానలేదు అని మార్చి రాయించాం. ఇలా మాట పుట్టుపూర్వోత్తరాలు తేలేసరికి వారం గడిచింది. నారు వయసు ఇరవై మూడు రోజులు.

ఆ రోజు మధ్యాహ్నం లచ్చవ్వ వచ్చి ఒక గుప్పెడు నారు నా బల్ల మీద పెట్టింది. కొసలు పసుపుపచ్చగా మాడి ఉన్నాయి. "బొక్కెనతోని తోడి పోస్తున్నం సారూ, నేనూ ఓదెలూ. నారు మడికి బొక్కెన సరిపోతది. పొలం నానాలెనంటె మోటరే కావాలె. నెల దాటితె ఈ నారు పశువులకే. పోయినేడు గిట్లనే పోయింది నాకు, ఈయేడు గూడ పోతె భూమి కౌలుకిచ్చి పట్నం పోవుడే." ఇంకా రెండే రోజులు అన్నాను, అధికారి లాగా.

ఇక మిగిలింది గ్రామ విచారణ. గిర్దావర్ సమ్మయ్య, అంటే ఊళ్ళు తిరిగి విచారించే అధికారి, పుస్తకం పట్టుకుని ఊరికి వెళ్ళాడు. నేనూ వెంట వెళ్ళాను. రచ్చ దగ్గర కూర్చున్న ముసలాయన్ని పట్టుకుని, ముద్రించిన ప్రశ్న ముద్రించినట్టే అడిగాడు.

"రాజీ ఈ గ్రామమున ఎన్నేళ్ళుగా నివసించుచున్నది?"

"నా పెండ్లయినప్పటి సంది ఉన్నది సారూ," అన్నాడు ముసలాయన ఏ మాత్రం తడుముకోకుండా. "అది లేకుంటె మా ఇంట్ల ఒక్క పూట గడవకపోవు."

సమ్మయ్య రాసుకున్నాడు. పక్కింటి వాళ్ళ సాక్ష్యం, అయిదుగురి వేలిముద్రలు, అన్నీ సవ్యంగా నడిచాయి. చివరగా చిరునామా చూడాలని బావి దగ్గరికి వెళ్ళాం. అక్కడ కనకలచ్చవ్వా ఓదెలూ ఒకే తాడు పట్టుకుని బొక్కెన తోడుతున్నారు. ఆమె లాగుతుంటే ఈయన వంచుతున్నాడు. ఈయన ఏదో అంటే ఆమె నవ్వుతోంది. నాకు ఆ దృశ్యం ముచ్చటేసింది. సమ్మయ్య ముఖం మాత్రం నల్లబడింది.

మర్నాడు పరాంకుశం గారు నన్ను పిలిపించారు. బల్ల మీద సమ్మయ్య నివేదిక ఉంది.

"వీరేశం గారూ, గిర్దావర్ గారి క్షేత్ర పరిశీలనలో సదరు చిరునామాలో ఎటువంటి వివాదమూ కానరాలేదు. ఉభయులూ ఒకే తాడు పట్టుకుని ఉన్నారు."

"కలిసిపోయారు కదా సార్!"

"అదే నా బాధ. వివాదం ఉన్నచోటనే రాజీ నివసిస్తుంది. వివాదమే లేనప్పుడు ఆ చిరునామా ఖాళీ ఇల్లు. ఖాళీ ఇంటి మీద స్థానికత ఇవ్వలేను."

"అయితే వివాదం లేదు కాబట్టి ముద్ర తీసేయండి."

"ముద్ర తీయడానికి రాజీ పత్రం కావాలి."

నేను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. లేకపోతే ఏం చేసేవాణ్ణో నాకే తెలియదు.

"ఇప్పుడేం చేయమంటారు?"

ఆయన నాకు సాయం చేయాలనే నిజమైన తాపత్రయంతో అన్నారు. "ఎల్లుండి మళ్ళీ పరిశీలన పెడతాను. ఆ సమయానికి ఉభయుల మధ్య వివాదం సజీవంగా కనిపిస్తే చాలు. పెద్దదేమీ అక్కర్లేదు. కనీస స్థాయి వివాదం."

ఇక్కడ నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఊరికి వెళ్ళి, వాళ్ళిద్దరినీ గట్టు మీద కూర్చోబెట్టి, ఎట్లా పోట్లాడాలో నేర్పాను. రాసి ఇవ్వడం అలవాటు కదా, ఎవరి మాటలు వాళ్ళకు కాగితం మీద రాసి, చదవడం రాదు కనుక వినిపించి వల్లె వేయించాను. ఓదెలు 'నీళ్ళు నావి' అనాలి. లచ్చవ్వ 'నావి' అనాలి. ఓదెలు కండువా దులపాలి. ఇద్దరూ నవ్వాపుకోలేక పొట్టలు పట్టుకున్నారు.

"గింత ముసలిదాన్నయినంక సర్కారోళ్ళు కొట్లాట నేర్పవట్టిరి," అంది లచ్చవ్వ.

అన్న రోజున, లచ్చవ్వ బొక్కెన తాడు పట్టుకుని ఉండగా, సమ్మయ్య వచ్చాడు. గట్టు మీద నిలబడి పుస్తకం తెరిచి, "ఇక ఉభయులూ వివాదపడవచ్చును," అన్నాడు.

"నీళ్ళు నావి," అన్నాడు ఓదెలు, నేల చూపులు చూస్తూ.

"నావి," అంది లచ్చవ్వ, పెదవి కొరుక్కుని.

"తీవ్రత చాలదు," అన్నాడు సమ్మయ్య. "ఇది సంభాషణ కిందికి వస్తుంది. వివాదం కిందికి రాదు."

ఓదెలుకు నేను నేర్పిన మాటలు అయిపోయాయి. సొంతంగా వెతుక్కున్నాడు. "నువ్వొచ్చినంకనే ఈ ఇల్లు రెండాయె," అన్నాడు, నటిస్తూనే.

లచ్చవ్వ నవ్వు ఆగిపోయింది. "ఏమన్నవ్?"

"ఊకెనె అన్న వదినె..."

"ఊకెనె రాలే ఆ మాట. కడుపుల ఉన్నదే ఒచ్చింది. నేను ఇల్లు రెండు జేసిన్నా? నీ అన్న పదకొండు దినాలు దవాఖాన్ల పడుకున్నడు. ఓదెలు ఒచ్చిండా, ఓదెలు ఒచ్చిండా అని వాకిలి దిక్కే చూసిండు. ఒక్క దినమన్న ఒచ్చినవా?"

ఓదెలు నేల చూపులు మాని ఆమె వైపు తిరిగాడు. "ఒచ్చిన. నువ్వే లోపటికి రానియ్యలే. ఏం మొఖం పెట్టుకొని ఒచ్చినవని నలుగుర్ల అంటివి. మెట్ల మీద కూసోని కూసోని తెల్లారినంక మళ్ళొచ్చిన. మా అన్నను ఆఖరుకు సూడనియ్యలే నువ్వు."

అతను కండువా ముఖం మీద కప్పుకుని గట్టు మీదే కూలబడ్డాడు. లచ్చవ్వ చేతిలోంచి తాడు జారి, బొక్కెన దబ్బున బావిలో పడింది. మూడేళ్ళుగా ఇద్దరూ ఒకరికొకరు అనకుండా దాచుకున్న మాటలు అవి. నీళ్ళ వంతులు పంచుకున్నట్టు వాటిని పంచుకోలేక పక్కన పెట్టేసి, బతుకు నడుపుకుంటున్నారు. వాటిని మేం తవ్వి బయటికి తీయించాం, ఫారం నింపుకోవడానికి.

సమ్మయ్య చక్కని దస్తూరితో రాసుకున్నాడు: 'వివాదము సజీవముగా, సంపూర్ణ ఆరోగ్యముతో ఉన్నది.'

మర్నాటి నుంచి బావి దగ్గరికి ఇద్దరూ కలిసి రాలేదు. ఆమె పొద్దున వచ్చి తన మడికి నాలుగు బొక్కెనలు పోసుకుని పోతోంది, ఆయన సాయంత్రం వస్తున్నాడు. ఒక్కరే తోడితే ఎన్ని నీళ్ళు వస్తాయి? నారుకు ఇరవై ఏడో రోజు. ఇటు ఆఫీసులో స్థానికత పత్రం సిద్ధమవుతోందని కబురు. పత్రం వచ్చినా, ఇప్పుడు రాజీ పత్రం మీద వేలిముద్ర వేయడానికి ఇద్దరూ సిద్ధంగా లేరు. నాకు రాత్రుళ్ళు నిద్ర పట్టలేదు. నా చేతిరాత మీద నాకే అసహ్యం వేసింది.

నేరుగా ఖాజా భాయ్ దగ్గరికి వెళ్ళి కక్కేశాను. ఆయన లేచి, ఒక కట్ట విప్పి, అందులోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టాడు. లచ్చవ్వ ఓదెలుల మోటారును జప్తు చేసిన ఉత్తర్వు అది.

"సదువు."

చదివాను. కొత్తగా ఏమీ కనబడలేదు.

"రాజీది ఏ ఊరో అడిగిండ్రు గదా మీ సార్లు," అన్నాడు ఖాజా భాయ్, జప్తు అన్న మాట మీద వేలు పెట్టి. "మరి గిది ఏ ఊరిది? రెండూ ఒక్క బండ్లనే దిగినయ్. ఒక్కదాన్ని వాకిట్ల ఆపి, ఒక్కదాన్ని ఇంట్లకు తోలుకున్నరు."

నేను ఆయన చేయి పట్టుకుని కళ్ళకు అద్దుకున్నాను. బయటికి వచ్చి పొట్టికాలు బల్ల ముందు కూర్చుని, ముప్పై రెండేళ్ళ అనుభవమంతా కూడదీసి రాశాను. శీర్షిక అర్జీ అని పెట్టబోయి నాలుక కరుచుకుని, విన్నపం అని పెట్టాను. 'తమరి ఉత్తర్వులోని జప్తు అను మాటకు స్థానికత పత్రము జతచేయబడి ఉండలేదు. అమలులో ఉన్న పాత కాగితములకు కూడా నియమము వర్తించునని తమరికి విదితమే. కావున సదరు జప్తు జరిగినట్టా, జరగనట్టా తెలియజేయ ప్రార్థన.'

పరాంకుశం గారు ఆ విన్నపాన్ని రెండుసార్లు చదివారు. నేను తిట్లకు సిద్ధంగా నిలబడ్డాను. ఆయన తల ఎత్తేసరికి కళ్ళు చెమ్మగిల్లి ఉన్నాయి.

"వీరేశం గారూ, ఈ మండలంలో ఈ ఉత్తర్వు యొక్క ఆత్మను గ్రహించినవారు నేను గాక మరొకరు ఉన్నారని ఈ రోజు తెలిసింది."

"మరి జప్తు సంగతి, సార్?"

"నియమం అందరికీ ఒకటే. ఆ పదం స్థానికత తేలేవరకు సదరు చర్య జరగని స్థితిలో ఉన్నట్టు భావించాలి."

"అంటే ముద్ర తీయిస్తారా?"

"లేని ముద్రను ఎట్లా తీయిస్తాను? తీయమని రాస్తే ఉన్నట్టు ఒప్పుకున్నట్టే." ఆయన సమ్మయ్యను పిలిచారు. "గిర్దావర్ గారూ, ఆ డబ్బా మీద మీకేమైనా లక్క కనిపించిందా?"

సమ్మయ్య నా వైపు, ఆయన వైపు మార్చి మార్చి చూశాడు. "నేనే వేశాను కద సార్..."

"కనిపించిందా?"

"లేదు సార్."

"కనిపించని దాన్ని ఎవరైనా రాయితో కొడితే?"

"నేరం కాదు సార్."

నేను నమస్కారం పెట్టి, సైకిలెక్కి ఊరికి పరిగెత్తించాను. ఓదెలును ఇంటి దగ్గర, లచ్చవ్వను మడి దగ్గర పట్టుకున్నాను. డబ్బా దగ్గరికి రమ్మంటే ఇద్దరూ ఎడం ఎడంగా వచ్చి, చెరో పక్కన నిలబడ్డారు. ఓదెలు రాయి తీసుకుని లక్కను నాలుగు దెబ్బలు కొట్టాడు. గుడ్డ ఊడి కింద పడింది. అప్పుడు పొద్దున పదకొండున్నర. మొదటి వంతు లచ్చవ్వది. అతను బటన్ నొక్కకుండా పక్కకు జరిగాడు. ఆమె వచ్చి నొక్కింది. మోటారు ఒకసారి మూలిగి అందుకుంది. పైపు నోట్లోంచి ముందు గాలి, తర్వాత ఎర్రనీళ్ళు, తర్వాత తేటనీళ్ళు వచ్చాయి. ఆమె పార అందుకుని తన కాలువ తెరిచింది. కొంచెం సేపు నీళ్ళ వైపు చూసి, తన వంతు కానిచోట కూడా ఒక పార మట్టి తీసింది. సగం నీళ్ళు ఓదెలు పొలం వైపు మళ్ళాయి. ఆ రోజు ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు. సాయంత్రం వరకు రెండు పొలాలూ నానాయి.

ఆఫీసు సంగతి కూడా చెప్పాలి. జప్తు మీద విచారణ మొదలుపెట్టిన పరాంకుశం గారు, న్యాయంగా, మిగతావాటిని వదలలేకపోయారు. పహాణీ, నకలు, రసీదు, జిల్లా, గిర్దావర్, ఒకదాని వెనుక ఒకటి విచారణలోకి పోయాయి. వారం తిరిగేసరికి గేటు మీది బోర్డులో తహశీల్దార్ అన్న మాట మీద తెల్లగుడ్డ కప్పారు. ఆయన ఫోను ఎత్తి తన హోదా చెప్పలేక, "నేనే మాట్లాడుతున్నాను," అనేవారు. పైవాళ్ళు ఎవరని అడిగితే విచారణలో ఉందని చెప్పేవారు. వేణుమాధవ్ సార్ బడి బయట అధ్యయన పత్రాల కోసం మాటల తరఫున మనుషులు వరుస కట్టారు. నా బల్ల దగ్గర గిరాకీ ఎప్పుడూ లేనంత.

రాజీకి స్థానికత పత్రం మాత్రం వచ్చింది, నాట్లు మొదలైన నాలుగో రోజున. మూడు ముద్రలు, రెండు సంతకాలు, పైన నేను రాసిన అక్షరాల ఫోటో. ఎవరికి ఇవ్వాలో తోచక దాన్ని పట్టుకుని పొలానికి వెళ్ళాను. లచ్చవ్వ మడిలో వంగి నాటు వేస్తోంది. ఓదెలు నారు కట్టలు తెచ్చి ఆమె వెనకాల వరుసగా విసురుతున్నాడు.

"వదినె, గా మూలకు చాలతయా?" అన్నాడు.

"ఇంకో రెండెయ్యి," అంది ఆమె. ఆ కొట్లాట తర్వాత వాళ్ళ మధ్య నేను విన్న మొదటి మాటలు అవే.

నన్ను చూసి గట్టు మీదికి వచ్చింది, మోకాళ్ళ దాకా బురదతో. నేను పత్రం చూపించి, దీనిమీద ఇప్పుడు రాజీ పత్రం రాసుకోవచ్చు, వేలిముద్రలు వేస్తే ఆఫీసులో పెడతాను అన్నాను.

"వద్దు సారూ," అంది ఆమె. "మళ్ళ రాస్తె మళ్ళ కొట్లాడుమంటరు." తర్వాత ఆ కాగితం మీది ముద్రలను చూసి కుతూహలంగా అడిగింది. "గిండ్ల ఏం రాసిండ్రు?"

చదివి వినిపించాను. పేరు రాజీ. తండ్రి అరబ్బీ. ఎర్రకుంట బడిలో నాలుగేళ్ళు చదివినది. ఈ గ్రామ నివాసి. ప్రవర్తన తృప్తికరం. ఆ చివరి మాటను రెండోసారి చదివాను. ఖాజా భాయ్ చెప్పిన అర్థమే అది. ఇన్ని ముద్రలు వేసినవాళ్ళలో ఒక్కరికీ తెలియకుండా, సరైన మాట సరైన చోట పడింది. లచ్చవ్వకు ఆ సంగతి కూడా చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, తల ఊపి, చేతికంటిన బురదను గడ్డికి తుడుచుకుంది.

"దాని నడవడి మంచిదే సారూ, ముందటి సంది మాకు ఎరుకే," అంది మళ్ళీ మడిలోకి దిగుతూ. "మరి గీ ముద్రలేసినోళ్ళ నడవడి ఎవలు రాస్తరు?"